తెలుగు సమరేఖాక్షరం: దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా

మొదలు నుంచి కొస దాకా గీత మందం మారకుండా సాగే తెలుగు అచ్చు అక్షరాన్ని ఈ వ్యాసంలో సమరేఖాక్షరం అంటున్నాం. ఫాంట్ల జాబితాల్లో దీని పేరు 'శాన్స్'. డీటీపీ సెంటర్లలో 'ప్లెయిన్ అక్షరం' అంటారు. ఇంగ్లిషు లిపిలో హెల్వెటికా, ఏరియల్ లాంటి అక్షరాలు ఏ తరగతికి చెందినవో, తెలుగులో ఆ చోటు దీనిది. దుకాణం బోర్డు, బస్సు నుదుటి పలక, మెట్రో స్టేషన్ పేరు, ఫోన్ తెర, పత్రిక శీర్షిక ఇలా రోజంతా మన కళ్ల ముందు ఉండేది ఎక్కువగా ఈ రూపమే. పుస్తకాల్లో మాత్రం లావు, సన్నం కలిసిన పాత అక్షరానిదే పెద్దపీట.

ఈ అక్షరం కథను గ్రంథాలయంలో కంటే రోడ్డు మీద చదవడం తేలిక. హైదరాబాద్ తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా విజయవాడ రహదారి పొడవునా కుంచెతో రాసిన రేకు బోర్డులు, ఫ్లెక్సీలు, కోచింగ్ సెంటర్ల హోర్డింగులు, హాస్టళ్ల గోడ రాతలు, పైన మెట్రో స్తంభాలు వరుసగా కనిపిస్తాయి. అచ్చు తెలుగు దాటిన దశలన్నీ అక్కడ ఒకదాని పక్కన ఒకటి వేలాడుతున్నాయి.

సెరిఫ్ లేని లిపిలో శాన్స్

రోమన్ లిపిలో అక్షరం కాళ్ల చివర, చేతుల చివర ఉండే చిన్న అడ్డగీతలను సెరిఫ్‌లంటారు. అవి తీసేస్తే శాన్స్ సెరిఫ్. అచ్చులో ఆ పని మొదట చేసి చూపించింది లండన్‌లోని కాస్లన్ పోతశాల, 1816లో. జర్మనీలో 1898లో బెర్తోల్డ్ వారి అక్సిడెంజ్ గ్రొటెస్క్, లండన్ భూగర్భ రైలు కోసం 1916లో ఎడ్వర్డ్ జాన్స్టన్ గీసిన అక్షరం ఆ దారినే వచ్చాయి. 1957లో స్విట్జర్లాండ్‌లోని హాస్ పోతశాల కోసం ఎడ్వర్డ్ హాఫ్‌మన్ పర్యవేక్షణలో మాక్స్ మీడింగర్ గీసిన నాయె హాస్ గ్రొటెస్క్ 1960లో హెల్వెటికాగా పేరు మార్చుకుని ప్రపంచమంతా తిరిగింది. వీటన్నిటిలో జరిగింది ఒక్కటే. అలంకారం పోయింది, అక్షరం మిగిలింది.

తెలుగులో ఆ పని చేయబోతే అక్షరమే మారిపోతుంది. 'క' మీద ఉన్న తలకట్టు చూడటానికి సెరిఫ్‌లాగే ఉంటుంది. కానీ అది అలంకారం కాదు, అకారం. దాని చోట గుడి పెడితే 'కి', పొల్లు పెడితే 'క్'. తలకట్టు తీసి వదిలేస్తే మిగిలేది ఏ ధ్వనీ లేని బొమ్మ. పైగా ఖ, జ, ట, ణ, బ, ల వంటి అక్షరాలకు అసలు తలకట్టే లేదు. కాబట్టి 'సెరిఫ్ లేని తెలుగు' అన్న మాటకు అక్షరార్థంలో అర్థం లేదు. మనకు పోవడానికి సెరిఫ్‌లు ఎప్పుడూ లేవు.

ఫాంటు తయారు చేసేవాళ్లు అందుకే తెలుగులో విభజన రేఖను మరోచోట గీశారు. వంపు తిరిగేటప్పుడు గీత లావెక్కి సన్నబడితే దాన్ని సెరిఫ్ వర్గంలోనూ, ఒకే మందంతో సాగితే శాన్స్ వర్గంలోనూ వేస్తున్నారు. గూగుల్ వారి నోటో సెరిఫ్ తెలుగు, నోటో శాన్స్ తెలుగు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి వెంటనే తెలుస్తుంది. రెండిట్లోనూ తలకట్టు ఉంది. తేడా గీత మందంలోనే.

గంటం గీత

ఈ సమరేఖ పడమటి నుంచి దిగుమతి అయిందన్న భావన చాలామందిలో ఉంది. అది పొరపాటని నా గట్టి నమ్మకం. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు మొన ఆకును గీరుకుంటూ పోతుంది. తర్వాత మసి రుద్దితే ఆ గాటులో నల్లదనం నిలుస్తుంది. గంటం మొన ఎటు తిరిగినా గాటు వెడల్పు ఇంచుమించు ఒకటే. అంటే వందల ఏళ్ల పాటు తెలుగు చేతిరాత సమరేఖలోనే సాగింది. తిరుమలలో దొరికిన తాళ్లపాక రాగిరేకుల్లో అన్నమయ్య సంకీర్తనలు కూడా లోహం మీద చెక్కిన అదే రకం గీతలో ఉన్నాయి. అంతకు ముందరి రాతి శాసనాలు ఉలి పనితనం. క్రీ.శ. 575 ప్రాంతపు రేనాటి చోళుల కలమళ్ల శాసనం తొలి తెలుగు శాసనంగా పేరు పొందింది. అందులో అక్షరం ఇప్పటి రూపానికి ఎంతో దూరంలో ఉన్నా, ఒకే మందపు గీత మాత్రం మనకు పరిచయమున్నదే.

లావు, సన్నం స్థిరపడింది కాగితం, కలం, సీసపు అక్షరాలు వచ్చాక. బెంజమిన్ షుల్జ్ 1740లలో జర్మనీలోని హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. శ్రీరాంపురంలో విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, మద్రాసులో ఎ.డి. క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లో వెలువడ్డాయి. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు 1852లో వచ్చింది. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వారి ముద్రణాలయం తరతరాల పాఠకుల కంటికి ఒక అక్షర రూపాన్ని అలవాటు చేసింది. గుండ్రంగా, కొన్ని వంపుల్లో బొద్దుగా, కొన్ని చోట్ల పలచగా ఉండే ఆ రూపాన్నే మనం 'పుస్తకం అక్షరం' అంటాం. అందులో అందం ఉంది, ఎక్కువసేపు చదివినా కంటికి శ్రమ ఉండదు. కానీ వయసులో పెద్దది గంటం గీతే.

కుంచె, ఆ తర్వాత మౌస్

ఫ్లెక్సీ రాకముందు దిల్‌సుఖ్‌నగర్ బోర్డులన్నీ పెయింటర్ల చేతి పని. సుద్దముక్కతో పైన ఒక దారం గీత, కింద ఒక దారం గీత కొట్టి, మధ్యలో అక్షరాల ఒడ్డు గీసుకుని, ఆ తర్వాత రంగు నింపేవాళ్లు. దూరం నుంచి కనిపించాలి కాబట్టి గీత లావుగా, ఒకే మందంతో ఉండాలి. లోపలి ఖాళీలు మూసుకుపోకూడదు. 'హోటల్' రాసేటప్పుడు హకారం లోపలి మెలిక, 'ఫ్యాన్సీ' రాసేటప్పుడు ఫకారం కింద చిన్న గీత, వీటికి కావలసినంత చోటు విడిచిపెట్టడంలోనే పెయింటర్ నేర్పు కనిపించేది. అక్షరానికి ఒక పక్క నీడ వేయడం, లోపల సన్నని తెల్లగీత లాగడం వాళ్ల సొంత సొగసులు. పత్రికల్లో, సినిమా టైటిళ్లలో బాపు చేతిరాత రాజ్యమేలుతున్న కాలంలోనూ రేకు బోర్డు దాని దారిలోనే ఉంది. బాపు అక్షరం కుంచె ఒత్తిడిని దాచుకోదు. బోర్డు అక్షరం ఒత్తిడి కనపడకుండా చూసుకుంటుంది.

1990లలో కంప్యూటర్ వచ్చింది. పేజ్‌మేకర్‌లో తెలుగు కొట్టడానికి హైదరాబాద్ అను గ్రాఫిక్స్ వారి అను ఫాంట్లు, పుణె మాడ్యులర్ వారి శ్రీలిపి, సీడాక్ వారి సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వచ్చాయి. పెళ్లి శుభలేఖ, కరపత్రం, కాలేజీ బ్రోషర్ ఏదైనా వీటిలోనే. అను ఫాంట్లలో ప్రియాంక పుస్తకం పేజీలకు, అనుపమ శీర్షికలకు అలవాటయ్యాయి. అనుపమకు థిన్, మీడియం, బోల్డ్, ఎక్స్‌ట్రా బోల్డ్ అని వేర్వేరు మందాలుండటం తెలుగు సమరేఖకు పెద్ద మలుపు. ఒకే అక్షరం సన్నగానూ, బండగానూ దొరికింది. శీర్షిక, ఉపశీర్షిక, కింద చిన్న అక్షరాల వివరం అన్నీ ఒకే కుటుంబంలో కూర్చుకునే వీలు కలిగింది.

ఆ ఫాంట్ల పద్ధతి మాత్రం ఇప్పటివాళ్లకు వింతగా ఉంటుంది. వాటిలో అక్షరానికి కాదు, అక్షరం ముక్కకు ఒక అంకె. తలకట్టు ఒక మీట, కొమ్ము మరో మీట, వత్తు ఇంకో మీట. ఆపరేటర్ ఆపిల్ కీబోర్డులోనో మాడ్యులర్ కీబోర్డులోనో వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చి అక్షరాన్ని కట్టేవాడు. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందుల్లో ఒక డీటీపీ సెంటర్‌లో కూర్చుని ఈ పని చూసిన రోజు నాకు బాగా గుర్తు. 'ఉజ్జ్వల' అన్న పేరు కరపత్రంలో కుదరడం లేదు. రెండో వత్తు మొదటి వత్తు మీదకి ఎక్కుతోంది. ఆపరేటర్ ఆ ఒక్క వత్తును విడిగా పట్టుకుని, సైజు రెండు పాయింట్లు తగ్గించి, బేస్‌లైన్ కిందికి దించి, తెర మీదికి వంగి చూసి, "ఇప్పుడు కూర్చుందన్నా" అన్నాడు. ఫాంటు చేయని పనిని అతని కన్ను చేసింది. సీసం కాలంలో కంపోజిటర్ చేసిన పని కూడా అదే.

ముక్కల పద్ధతికి మరో ఇబ్బంది ఉంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు పోయి అర్థంకాని రోమన్ గుర్తులు మిగిలేవి. ఇందుకు పరిష్కారం యూనికోడ్. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు 128 చోట్లు కేటాయించారు. కానీ మామూలు ఇంటి కంప్యూటర్‌లో అది పనికొచ్చింది 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకనే.

వేమన, ఆ వెంట వచ్చినవి

యూనికోడ్ తొలినాళ్లలో తెలుగువాళ్లకు ఉచితంగా దొరికిన మంచి ఫాంట్లు రెండు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారు చేసిన పోతన2000, వేమన2000. పోతన పుస్తకపు సంప్రదాయంలో లావు, సన్నం కలిపి సాగుతుంది. వేమన ఒకే మందపు గీత. ఎక్కడా మెలిక ఎక్కువ లేని, సూటిగా నిలబడే అక్షరానికి వేమన పేరు పెట్టడం ఎంత తగిందో తెలుగు చదివిన ఎవరికీ చెప్పనక్కర్లేదు. లినక్స్ పంపిణీల్లో ఈ రెండూ చేరాయి. అదే కాలంలో రెడ్‌హ్యాట్ సంస్థ విడుదల చేసిన లోహిత్ తెలుగు కూడా లినక్స్ తెర మీద తెలుగుకు ఆధారంగా నిలిచింది. తెలుగు సమరేఖలో 'క్లాసిక్' అనదగిన ఒక్క ఫాంటు పేరు చెప్పమంటే నేను వేమననే చెబుతాను. తర్వాత వచ్చిన వాటిలో ఇంతకంటే నునుపైనవి ఉన్నాయి. కానీ ఎవరి డబ్బూ అడగకుండా, తెర మీద తెలుగు సరిగ్గా కనిపించడమే అరుదైన రోజుల్లో అది నిలబడింది.

ఆ తర్వాత వరుస పెరిగింది. విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల యూఐ వచ్చాయి. ఆపిల్ యంత్రాల్లో ముత్తు నెడుమారన్ చేసిన తెలుగు సంగం ఎంఎన్, ఇండియన్ టైప్ ఫౌండ్రీ వారి కోహినూర్ తెలుగు ఉన్నాయి. అదే ఫౌండ్రీ హింద్ కుటుంబంలో తెలుగుకు 'హింద్ గుంటూరు' అని పేరు పెట్టింది. కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర పూనికతో పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటికి తెలుగు ప్రముఖుల పేర్లే. గిడుగు, గురజాడ, సురవరం, రామభద్ర, ఎన్టీఆర్. వీటిలో 'మండలి' ఫాంటును ముఖ్యంగా వార్తాపత్రికల కోసం రూపొందించారు. 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభల నిర్వహణకు సారథ్యం వహించిన మండలి వెంకట కృష్ణారావు పేరు దానిది. 'రామభద్ర' బండ అక్షరం, పోస్టర్లకు పనికొస్తుంది. కొత్తపేట వైపు ఫ్లెక్సీల్లో ఆ బండ రూపాలదే హడావిడి.

పేరులోనే పరీక్ష

ఫాంటు ఎంత మంచిదో తెలుసుకోవాలంటే ఈ రోడ్డు మీది ఊర్ల పేర్లు అందులో కొట్టి చూస్తే చాలు. మొదటిది 'దిల్‌సుఖ్‌నగర్'. ఇందులో లకారం, ఖకారం రెండూ పొల్లులు. వాటి పక్కన వచ్చే హల్లు వత్తుగా కిందికి జారకూడదు. కంప్యూటర్ తనంతట తానైతే వాటిని కలిపేసి 'దిల్సుఖ్నగర్' అని చూపిస్తుంది. సకారం లకారం కిందికి, నకారం ఖకారం కిందికి పోతాయి. చదివేవాడు ఆగి అక్షరాలు విడదీసుకోవాలి. దీన్ని ఆపడానికి రెండు చోట్ల కంటికి కనిపించని ఒక గుర్తు వేయాలి. సాంకేతికంగా దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పాత అను పద్ధతిలో ఆపరేటర్ నేరుగా పొల్లు మీట నొక్కేవాడు కాబట్టి ఈ చిక్కు లేదు. రేకు మీద రాసిన పెయింటర్‌కైతే అసలే లేదు.

ఈ కనిపించని గుర్తు ఒకసారి ప్రపంచ వార్త కూడా అయింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం కూర్పులో ఈ గుర్తు చేరినప్పుడు ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెల 19న కొత్త వెర్షన్ విడుదల చేసి సరిచేసింది. మన అక్షరం కూర్పులో ఎన్ని అంచెలున్నాయో చాలామంది ఇంజనీర్లకు ఆ వారమే తెలిసి ఉంటుంది.

రెండో పేరు ఎల్బీనగర్. లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద లాల్ బహదూర్ నగర్, పొట్టిగా ఎల్.బి. నగర్. పత్రికలు 'ఎల్బీనగర్' అని కలిపి రాస్తాయి, కొన్ని బోర్డుల మీద 'ఎల్‌.బి.నగర్' అని చుక్కలతో ఉంటుంది. ఈ రెండు రాతల తేడా అక్షర రూపకర్తకు చాలా పెద్దది. కలిపి రాస్తే బకారానికి రావలసిన దీర్ఘం లకారం నెత్తికెక్కుతుంది, బకారం వత్తుగా కిందికి దిగుతుంది. పేరు పొడవు తగ్గుతుంది, ఎత్తు పెరుగుతుంది. విడదీసి రాస్తే ఎత్తు తగ్గి పొడవు పెరుగుతుంది. పలక వెడల్పు, ఎత్తు చూసుకుని ఏది రాయాలో తేల్చుకోవాలి.

దారిలో మిగతా పేర్లూ ఇంతే. 'చైతన్యపురి'లో ఐత్వం పైనా ఉంది, కిందా ఉంది. పక్కనే యకారం వత్తు కుడివైపు కిందికి తోక చాపుతుంది. 'గడ్డిఅన్నారం'లో నకారం వత్తు, 'కొత్తపేట'లో తకారం వత్తు వస్తాయి. ఈ రెండు వత్తులకూ వాటి తల్లి అక్షరాలతో పోలిక లేదు. బడిలో పిల్లలు తికమకపడేది ఇక్కడే. సన్నని సమరేఖలో వీటి తేడా స్పష్టంగా ఉంటుంది. ఎక్స్‌ట్రా బోల్డ్‌లో కొట్టి బస్సు కిటికీ నుంచి చూస్తే రెండూ నల్లటి కొక్కేల్లా ఉంటాయి.

అన్నిటికంటే కష్టమైనది ఎల్బీనగర్ దాటాక వచ్చే వనస్థలిపురం. థకారం వత్తులో కడుపులో ఒక చుక్క ఉంటుంది. వత్తు ఎలాగూ చిన్నది, అందులో చుక్క మరీ చిన్నది. గీత మందం పెరిగితే చుక్క కనిపించదు. అప్పుడది ధకారం వత్తులా మిగులుతుంది. చాలా బోర్డుల మీద ఈ పేరు ధకారం వత్తుతో ఉండటానికి వాడుక అలవాటుతో పాటు ఇదీ ఒక కారణమని నా అనుమానం. 'సంస్థ', 'స్థలం' కూడా ఇలాగే దెబ్బ తింటున్నాయి. మంచి ఫాంటులో బోల్డ్ మందానికి వెళ్లినప్పుడు వత్తుల గీతను తల్లి అక్షరమంత లావు చేయరు. ఓ పిసరు సన్నం చేసి లోపలి ఖాళీని కాపాడతారు. అంటే కంటికి సమంగా కనిపించాలంటే గీత నిజానికి సమంగా ఉండకూడదు. హెల్వెటికాలోనూ వంపు నిలువుగీతను కలిసే చోట గీత కొంచెం సన్నబడుతుంది. తెలుగులో అలాంటి చోట్లు చాలా ఎక్కువ.

మెట్రో పలక మీద ఇంగ్లిషు పక్కన

అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా 16 కిలోమీటర్ల మెట్రో మార్గం 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్ స్టేషన్ల పేర్లు అక్షర రూపకర్తల ముందు పాత సమస్యనే కొత్తగా పెట్టాయి. తెలుగు, ఇంగ్లిషు ఒకే పలక మీద ఉన్నప్పుడు రెండిటికీ ఒకే పాయింటు సైజు ఇస్తే తెలుగు బక్కచిక్కి కనిపిస్తుంది. ఇంగ్లిషు అక్షరానికి పైన, కింద పెద్దగా చోటు అక్కర్లేదు. తెలుగు ఫాంటు తన చతురస్రంలోనే నెత్తిన గుడికి, కింద రెండంతస్తుల వత్తుకు జాగా ఉంచుకోవాలి. 'విక్టోరియా'లో ఓత్వం పైన, టకారం వత్తు కింద ఉండేసరికి అసలు అక్షరం మధ్యలో ఇరుకున పడుతుంది. దీనికి మందు ఒక్కటే. తెలుగును ఇంగ్లిషు కంటే పెద్ద సైజులో కొట్టాలి, వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి. ఇంగ్లిషు గీత మందం, తెలుగు గీత మందం ఒక్కటిగా కనిపించేలా తెలుగులో ఒక మెట్టు తక్కువ బోల్డ్ తీసుకోవాలి.

చాలాచోట్ల ఇలా చేయరు. ఇంగ్లిషుకు గీసిన నమూనాలో తెలుగును నింపేస్తారు. వత్తు తోక బోర్డు అంచుకు తగిలి తెగిపోతుంది, లేదా కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. పక్కనే ఉన్న పాత రేకు బోర్డు మీద పెయింటర్ దారం గీతలు కొట్టేటప్పుడే వత్తుల కోసం కింద నాలుగు వేళ్లు వదిలి ఉంటాడు. ఆ తేడా చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

ఊరు మారినప్పుడల్లా ఈ అక్షరాలన్నీ మళ్లీ రాయాల్సి వస్తుంది. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసినప్పుడు కార్యాలయాల బోర్డులు మారాయి. 2024లో టీఎస్‌ఆర్టీసీ టీజీఎస్‌ఆర్టీసీ అయినప్పుడు బస్సుల మీద ఒక్క అక్షరానికి చోటు చేయాల్సి వచ్చింది. ఇలాంటి మార్పుల్లో కుంచె స్థానాన్ని వినైల్ స్టిక్కర్ తీసుకుంది, దానితో పాటు కంప్యూటర్ ఫాంటు వచ్చి చేరింది.

ఇరుకు పలకలకు ఇటీవలి ఫాంట్లలో కొత్త వీలు ఉంది. ముంబైకి చెందిన ఏక్ టైప్ సంస్థ 2022లో విడుదల చేసిన అనేక్ తెలుగు, నోటో శాన్స్ తెలుగు రెండూ వేరియబుల్ ఫాంట్లు. అంటే మందాన్నీ, వెడల్పునూ జారుడు మీటతో కావలసినంతకు తెచ్చుకోవచ్చు. అనేక్‌లో మందం 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 శాతం దాకా మారుతుంది. 'విక్టోరియా మెమోరియల్' అంత పొడవాటి పేరును ఇదివరకు అక్షరాలను పక్కలకు నొక్కి ఇరికించేవాళ్లు. నిలువు గీతలు సన్నబడి, అడ్డగీతలు లావుగా మిగిలి సమరేఖ చెడిపోయేది. ఇప్పుడు వెడల్పు 80కి తగ్గించినా గీత మందం చెక్కుచెదరదు, తలకట్టు కోణం మారదు, వత్తు తన చోట ఉంటుంది.